అట్టపై నిలిచిన వీధులు

యూరప్ ఖండమందలి ప్రాగ్ నగరంలో యూదుల పేటనందలి సందుగొందులను 1893 నాటి చట్టం ననుసరించి, ఆరోగ్యం పేరిట నేలమట్టం గావించారు. పదమూడవ శతాబ్దపు ప్రార్థనామందిరం నేటికీ నిలిచియున్నది. దానినల్లుకొన్న పాత ఇండ్లు లేవు. అవి ఎట్లుండెడివో ఎరుగవలెనన్న లాంగ్‌వైల్ నిర్మించిన నమూనాను చూడవలసినదే.

ఆయన స్థపతి కాడు, గ్రంథాలయోద్యోగి. 1826 మొదలు 1837లో కన్నుమూసేవరకు వీధివీధీ పరిశీలించి, కాగితం, అట్టలతో 480వ వంతు కొలతన రెండువేలకు పైగా కట్టడాలను నిలిపినాడు. కిటికీలను, గోడలపై గుర్తులను సైతం విడువలేదు. గోపురాలను కొలిచి వ్రాసియుంచువారు మనలోనూ కలరు. గోపురం నీడన బ్రతికిన పెంకుటిండ్లను కొలిచినవారెవరు? ప్రాగ్ నగర మ్యూజియం భద్రపరచిన ఆ నమూనాలో ఆ మందిరం ఇప్పటికీ ఇరుగుపొరుగు ఇండ్ల నడుమనే ఒదిగియున్నది.