దేశం పోయినవాళ్లకు నాన్సెన్ కాగితం

1920 నవంబరులో క్రిమియా రేవులు మూటాముల్లెలతో, పసిపిల్లల ఏడుపులతో నిండిపోయాయి. రష్యా అంతర్యుద్ధంలో ఎర్రసైన్యం చేతిలో ఓడిపోయిన జనరల్ రాంగెల్ తన సైనికులనూ, వాళ్ల కుటుంబాలనూ, ప్రాణభయంతో వెంట వచ్చిన జనాన్నీ 126 ఓడల్లో ఎక్కించి కాన్‌స్టాంటినోపుల్ దారి పట్టించాడు. దాదాపు లక్షన్నర మంది. అప్పటికే పోలండుకూ, బాల్టిక్ దేశాలకూ, మంచూరియాకూ చేరినవాళ్లు వేరే. మొత్తం కాందిశీకులు ఎనిమిది లక్షలని కొందరు, ఇరవై లక్షలని మరికొందరు లెక్కలు కట్టారు.

రొట్టెముక్క పెట్టేవాళ్లు ఎక్కడో ఒకచోట దొరికారు. తర్వాత ఎక్కడికి పోవాలన్నదే ఎవరూ తేల్చలేకపోయారు. చేతిలో ఉన్నవి జారు కాలపు పాస్‌పోర్టులు, వాటిని ఇచ్చిన ప్రభుత్వమే లేదు. 1921 డిసెంబరు 15న సోవియట్ ప్రభుత్వం మరో దెబ్బ వేసింది. విప్లవం తర్వాత అనుమతి లేకుండా దేశం విడిచినవాళ్ల పౌరసత్వాన్ని రద్దు చేసింది. ఒక్క సంతకంతో లక్షలమంది ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. ఫ్రాన్సులో గనిపని ఉందని తెలిసినా సరిహద్దు దాటలేరు. దాటితే దొంగచాటుగానే. పట్టుబడితే ఏ దేశానికి తిప్పి పంపాలో పోలీసులకే తెలియదు.

అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ అధ్యక్షుడు గుస్తావ్ అదోర్ 1921 ఫిబ్రవరిలో ఈ సంగతి నానాజాతి సమితి ముందు పెట్టాడు. సమితి ఆ ఏడాదే ఫ్రిజాఫ్ నాన్సెన్‌ను శరణార్థుల హైకమిషనర్‌గా నియమించింది. గ్రీన్‌లాండ్ మంచును అడ్డంగా దాటిన నార్వే యాత్రికుడాయన. అప్పటికే సమితి తరఫున యుద్ధఖైదీలను ఇళ్లకు చేర్చే పనిలో ఉన్నాడు. ఆ పని ముగిసేసరికి అలా ఇల్లు చేరినవాళ్లు నాలుగు లక్షలు దాటారు. కొత్త పనికి మాత్రం సమితి ఆఫీసు ఖర్చులే ఇచ్చింది, సాయానికి డబ్బివ్వలేదు.

శరణార్థులను రష్యాకే తిప్పి పంపవచ్చని నాన్సెన్ మొదట ఆశపడ్డాడు. రష్యాలోని వోల్గా ప్రాంతపు కరువు బాధితుల సాయం కోసం మాస్కోతో మాట్లాడుతున్న ఆయనను చాలామంది శరణార్థులు అనుమానంగానే చూశారు. తమను తిప్పి పంపేస్తాడేమోనన్న వాళ్ల భయం న్యాయమైనదే. తిరిగి వెళ్లడం కుదరని వాళ్లు ఉన్నచోటి నుంచి కదలగలగాలి, పని వెతుక్కోగలగాలి. దానికి కావలసింది ఒక కాగితం.

1922 జులైలో జెనీవాలో ప్రభుత్వాలు సమావేశమై దాని నమూనాను ఖరారు చేశాయి. ఒకే ఒక్క పత్రం. పేరు, పుట్టిన తేదీ, ఊరు, తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు, వృత్తి, రష్యాలో ఒకప్పటి నివాసం. కింద జుట్టు, కళ్లు, ముక్కు ఆనవాళ్లు, ఒక ఫొటో. జాతీయత రాయాల్సిన చోట, రష్యా మూలానికి చెంది మరో దేశపు పౌరసత్వం పొందని వ్యక్తి అని ఉండేది. గడువు ఏడాది. ఇచ్చిన దేశానికి తిరిగి రావాలంటే అందులో ప్రత్యేకంగా రాసి ఉండాలి, లేకపోతే చెల్లదు. రష్యా నేలపై అడుగుపెడితే మొత్తానికే రద్దు.

ఇంత పిసినారి కాగితం ఎందుకు పనికొచ్చింది? నా ఉద్దేశంలో ఆ పిసినారితనం వల్లనే. ఇది మీ బాధ్యత పెంచదు, మీ దగ్గరున్న వాళ్లు ముందుకు కదలడానికి దారి చూపుతుందంతే అని చెప్పినందుకే ప్రభుత్వాలు తలూపాయి. మొదట ఒప్పుకున్నవి 16, తర్వాత యాభై దాటాయి. హక్కులన్నీ ఒకేసారి అడిగి ఉంటే ఆ సమావేశం తీర్మానం దగ్గరే ఆగిపోయేదని నా నమ్మకం. 1924లో ఆర్మీనియన్లకు, 1928లో అస్సీరియన్లకు కూడా ఈ పత్రాన్ని వర్తింపజేశారు. సంగీతకర్త స్త్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్, రచయిత నబకోవ్ ఈ కాగితంతోనే సరిహద్దులు దాటారు. పేర్లు ఎవరికీ గుర్తులేని రైతులు, కుట్టుపనివాళ్లు, టాక్సీ డ్రైవర్లు లక్షల్లో ఉన్నారు.

1926లో నాన్సెన్ బొమ్మతో ఒక స్టాంపు వచ్చింది. విలువ ఐదు బంగారు ఫ్రాంకులు. స్తోమత ఉన్న శరణార్థి కొని పత్రంపై అంటించుకోవాలి. ఆ సొమ్ము తోటి శరణార్థుల స్థిరనివాసానికి వెళ్లేది. ప్రభుత్వాలు ఇవ్వని డబ్బును నిర్వాసితులే ఒకరికొకరు పోగుచేసుకున్నారు. ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ స్టాంపే.

ఈ కాగితానికి లోపం కూడా పుట్టుకతోనే వచ్చింది. ఫలానా జాతివాళ్లకు అని పేరు పెట్టి ఇవ్వడంతో, పేరు లేనివాళ్లు బయటే మిగిలారు. 1939లో స్పెయిన్ అంతర్యుద్ధం నుంచి పిరనీస్ కొండలు దాటి ఫ్రాన్సులోకి వచ్చిన లక్షలమందికి అది అందలేదు. అర్జెలెస్ సముద్రతీరంలో ఇసుకమీద, ముళ్లకంచెల మధ్య పడి ఉన్నారు. 1930లోనే నాన్సెన్ కన్నుమూశాడు. ఆయన పేరిట వెలసిన కార్యాలయానికి 1938లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, అది మూతపడే వేళకు.

1951 శరణార్థుల ఒప్పందం జాతి పేరు వదిలేసి, హింసకు గురవుతాననే భయం ఉన్న ప్రతి మనిషినీ లెక్కలోకి తీసుకుంది. అయితే అప్పట్లో 1951కి ముందటి సంఘటనల బాధితులకే పరిమితమైంది, 1967లో ఆ కట్టుబాటు తొలగింది. ప్రయాణపత్రం ఇచ్చిన దేశం గడువులోపల ఆ మనిషిని మళ్లీ రానివ్వాలని కూడా రాసింది. ఆ ఒప్పందంలో మన దేశం చేరలేదు. ఇక్కడి టిబెటన్లకు ఇచ్చే పసుపు అట్ట గుర్తింపు పుస్తకంలో, తిరిగి రావడానికి అభ్యంతరం లేదన్న ముద్ర విడిగా వేయించుకోవాల్సిన పరిస్థితి దశాబ్దాలపాటు నడిచింది.