నంబరు ప్లేటు: అంగడి సరుకు నుంచి అధికారిక గుర్తింపు దాకా

భారతదేశంలో కారు నంబరు ప్లేటు విరిగినా, తుప్పుపట్టినా, దొంగలపాలైనా దాని స్థానంలో మరొకటి సంపాదించుకునే విధానం గత రెండున్నర దశాబ్దాల్లో సమూలంగా మారింది. ఒకప్పుడు ఎవరైనా, ఎక్కడైనా రాయించుకోగలిగిన ఆ రేకు నేడు ప్రభుత్వ రికార్డుతో ముడిపడిన అధికారిక గుర్తింపుగా రూపొందింది. అందువల్ల పోయిన ప్లేటుకు బదులు పొందడమంటే ఒక వస్తువును కొనడం కాక, ఒక పత్రాన్ని తిరిగి జారీ చేయించుకోవడమే అయింది.

మోటారు బండ్లకు గుర్తింపు పలక ఉండాలన్న నియమం ఐరోపాలో పుట్టింది. 1893లో పారిస్ పోలీసు శాఖ ప్రతి మోటారు వాహనమూ యజమాని పేరు, చిరునామా, నంబరు ఉన్న లోహపు పలకను ధరించాలని ఆదేశించగా, బ్రిటన్ 1903 నాటి మోటారు కార్ల చట్టం ద్వారా రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసి, 1904 జనవరి 1 నుంచి అమలుపరచింది. బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో 1914 నాటి మోటారు వాహనాల చట్టం మొదటి అఖిల భారత శాసనం కాగా, దానికి బదులుగా వచ్చిన 1939 చట్టం రిజిస్ట్రేషన్ వ్యవస్థను మరింత క్రమబద్ధం చేసింది.

ఈ చట్టాలన్నీ నంబరును ప్రభుత్వమే కేటాయించాలని చెప్పాయి గాని, దానిని పలకపై రాసే పనిని యజమానికే వదిలాయి. దానితో బోర్డులు రాసే పెయింటర్లు, తరువాతి కాలంలో స్టిక్కర్ దుకాణాలవారు ఆ పనిని చేపట్టారు. వారికి ఆర్‌సీ, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, చూపవలసిన అవసరం గాని, ఎవరి బండికి ఏ నంబరు రాశారో పుస్తకంలో నమోదు చేసుకోవలసిన విధి గాని లేకపోయాయి. దొంగిలించిన కారుకు అదే రంగు, అదే మోడల్ ఉన్న మరొక కారు నంబరు తగిలించి తిప్పడం సులభమైనది ఈ లోపం వల్లనే.

1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు దేశమంతటికీ ఒకే నంబరు క్రమాన్ని తెచ్చాయి. 1989 జూలై 1 నుంచి రాష్ట్రానికి రెండు అక్షరాలు, రిజిస్ట్రేషన్ కార్యాలయానికి రెండు అంకెలు వచ్చే పద్ధతి మొదలై, హైదరాబాదుకు ఏపీ 09, విజయవాడకు ఏపీ 16, విశాఖపట్నానికి ఏపీ 31 వంటి గుర్తులు జనం నోట నిలిచాయి. నియమావళిలోని 50, 51 నియమాలు ప్లేటు రూపాన్నీ, అక్షరాల కొలతలనూ నిర్దేశిస్తాయి. కారు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10 మిల్లీమీటర్లు ఉండాలి.

అసలైన మలుపు 2001 మార్చి 28న వచ్చింది. ఆనాటి సవరణ ద్వారా ప్రవేశించిన హై సెక్యూరిటీ రిజిస్ట్రేషన్ ప్లేటు అల్యూమినియంతో తయారై, మీద పడిన కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపే రెట్రో రిఫ్లెక్టివ్ పొరను కలిగి ఉంటుంది. దాని మీద అశోక చక్రం గల క్రోమియం హోలోగ్రామ్, నీలిరంగులో దేశ సంకేతం, లేజర్‌తో చెక్కిన ప్రత్యేక క్రమసంఖ్య ఉంటాయి. ఒకసారి బిగిస్తే విరగ్గొట్టకుండా తీయలేని స్నాప్ లాక్ ప్లేటును బండికి పట్టి ఉంచుతుంది. దీనివల్ల ఒక బండి ప్లేటును చెక్కుచెదరకుండా ఊడదీసి మరొక బండికి తగిలించడం కష్టమవుతుంది. ప్లేటు కనీసం ఐదేళ్లు చెడకుండా ఉంటుందన్న హామీ కూడా నియమంలోనే ఉంది.

ఆశయం మంచిదైనా ఆచరణ చాలా ఆలస్యమైంది. ప్లేట్ల తయారీ టెండర్ల షరతులపై వచ్చిన సవాళ్లను సుప్రీంకోర్టు 2004 నవంబరు 30న తోసిపుచ్చింది. అప్పటికీ అనేక రాష్ట్రాలు కదలకపోవడంతో, మణీందర్‌జీత్ సింగ్ బిట్టా వేసిన వ్యాజ్యంలో 2008లో అమలుకు ఆదేశాలిచ్చి, తరువాతి సంవత్సరాల్లో గడువులు విధించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్లేట్ల బిగింపు 2013 చివరలో గాని మొదలు కాలేదు. 2018 డిసెంబరు నాటి కేంద్ర ఉత్తర్వు బాధ్యతను వాహన తయారీదారుల మీద పెట్టి, 2019 ఏప్రిల్ 1 తరువాత తయారయ్యే ప్రతి వాహనానికీ డీలరు వద్దనే ప్లేటు బిగించాలని నిర్ణయించడంతో చిక్కుముడి చాలావరకు విడిపోయింది.

ఈ వ్యవస్థలో ప్లేటు మార్చుకోదలచిన యజమాని ఆర్‌సీలోని వివరాలు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు చూపి, తయారీదారు నియమించిన డీలరు ద్వారా గాని, ఆమోదం పొందిన ప్లేటు సంస్థ ద్వారా గాని దరఖాస్తు చేసుకోవాలి. ప్లేటు దెబ్బతిన్నదైతే పాతదానిని అప్పగించాలి. పోయినదైతే పోలీసు ఫిర్యాదు ప్రతిని జతచేయాలి. ప్లేటు మారినంత మాత్రాన నంబరు మారదన్న విషయం గుర్తుంచుకోదగినది. తెలంగాణ గుర్తు 2024 మార్చిలో టీఎస్ నుంచి టీజీకి మారినప్పుడు కూడా, అంతకుముందే టీఎస్‌తో నమోదైన బండ్లు పాత నంబర్లతోనే కొనసాగాయి.

నకిలీ ప్లేట్ల సమస్యకు బ్రిటన్ ఎంచుకున్న దారి వేరు. ఇంగ్లండు, వేల్సులలో 2003 నుంచి నమోదైన విక్రేతలు మాత్రమే ప్లేట్లు అమ్మాలి. కొనేవారి గుర్తింపునూ, ఆ నంబరుపై వారికున్న హక్కునూ పత్రాలతో సరిచూసి, అమ్మకాల వివరాలు భద్రపరచాలి. అక్కడ నియంత్రణ ప్రధానంగా అమ్మకం దగ్గర ఉండగా, భారతదేశంలో తయారీ, బిగింపు, నమోదు మూడింటినీ ఒకే గొలుసులో కట్టారు.

నేరగాడు వాడిన నకిలీ నంబరు వల్ల అసలు యజమాని చలానాలకూ, పోలీసు విచారణకూ గురికాకుండా ఉండాలంటే ఈ గొలుసు అవసరమే. అయితే దాని బలం హోలోగ్రామ్‌లోనో తాళంలోనో మాత్రమే లేదు. చిన్న పట్టణంలోని యజమాని కూడా సరసమైన ధరకు, తిరగకుండా, అసలైన ప్లేటును పొందగలిగినప్పుడే నకిలీ ప్లేట్ల దుకాణాల అవసరం తీరుతుంది. రెండు దశాబ్దాల జాప్యం నేర్పిన పాఠం ఇదే: నిబంధనను కఠినం చేసే ప్రభుత్వం, దానిని పాటించే దారిని అంతకన్నా సులభం చేయాలి.