ఎకరాన్ని సెంట్లు చేస్తే పొలం పెరుగుతుందా?

మన సంఘం పుట్టిన రోజుల్లో అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఆస్తి అంటే వరిచేను, కొబ్బరితోట, కాస్త బంగారం. షేరు అన్నది ఉద్యోగాలకని పైఊళ్ళకు వెళ్ళినవాళ్ళ ట్రంకుపెట్టెలో అడుగున ఉండే కాగితం. ఈ యాభై ఏళ్ళలో ఆ కాగితం సెల్‌ఫోనులోకి వచ్చేసింది. ఇప్పుడు మన పూర్వ విద్యార్థుల్లో నలుగురు కలిస్తే “ఫలానా కంపెనీ ఒకటికి ఐదు షేర్లు ఇస్తోందట” అన్న కబురు దొర్లుతూనే ఉంటుంది. వాణిజ్యశాస్త్రం చదువుకుని లెక్కల పుస్తకాల మధ్యే బతుకు గడిపినవాణ్ణి గనుక, ఆ “ఒకటికి ఐదు” వెనకున్న కథ ఈ సంచికలో చెప్పాలనిపించింది.

మన చిన్నతనంలో ఈ మాట వినబడేది కాదు. అప్పట్లో షేరు ముఖవిలువ రూ.10 గానీ రూ.100 గానీ ఉండేది. 1999లో సెబీ ఆ కట్టుబాటు తీసేసి, రూపాయికి తగ్గకుండా ఎంతైనా పెట్టుకోవచ్చు అంది. అప్పటి నుంచి మన దేశంలో షేర్ల విభజన ఊపందుకుంది. రూ.10 షేరును రూ.2 షేర్లుగా విడగొడితే ఒకటి ఐదవుతుంది. బజారులో దాని ధర రూ.1,000 ఉంటే, ఒక్కొక్కటీ సుమారు రూ.200 అవుతుంది. ఎకరం పొలాన్ని నూరు సెంట్లుగా రాసుకున్నట్టే. గట్లు పెరుగుతాయి, నేల పెరగదు.

మన గడప దగ్గరి ఉదాహరణే చూద్దాం. రావులపాలెం మండలం గోపాలపురంలో రొయ్యల శుద్ధి కర్మాగారం ఉన్న అవంతి సంస్థ మనకు కొత్త కాదు. గోదావరి అవతల కొవ్వూరులో ఆ కంపెనీ మేత తయారవుతుంది. 2015లో అవంతి ఫీడ్స్ రూ.10 షేరును ఐదు రూ.2 షేర్లుగా విభజించింది. సుమారు 90.8 లక్షల షేర్లు 4.54 కోట్లయ్యాయి. 2018లో రూ.2 షేరును మళ్ళీ రెండు చేసింది. 9.08 కోట్లయ్యాయి. వాటిపై రెండింటికి ఒకటి చొప్పున బోనస్ ఇచ్చింది. 13.62 కోట్లయ్యాయి. అంటే 2015కు ముందు నూరు షేర్లున్నవారికి చేయి కదపకుండానే పదిహేను వందలు వచ్చాయి.

అయితే మూలధనం సంగతి చూడండి. రెండు విభజనల్లోనూ అది రూ.9.08 కోట్ల దగ్గరే ఉంది. బోనస్ అప్పుడు రూ.13.62 కోట్లయింది గానీ, అదీ బయటి నుంచి వచ్చిన డబ్బు కాదు. కంపెనీ మిగులు నిధుల ఖాతాలోంచి మూలధన ఖాతాలోకి మారిన అంకె, అంతే.

మరి లాభం ఎక్కడి నుంచి వచ్చింది? చెరువులోంచి. 2009లో వనామీ రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చింది. కాట్రేనికోన, ఉప్పలగుప్తం, అల్లవరం, సఖినేటిపల్లి వైపు చెరువులు నిండాయి. తరవాతి ఏళ్ళలో థాయ్‌లాండ్‌లో తెగులు సోకి రొయ్య దిగుబడి పడిపోతే, అమెరికా కొనుగోలుదారులు మనవైపు చూశారు. మేత అమ్మకాలు పెరిగాయి. షేరు ధరను లేపింది అదీ. 2018లో రొయ్య కౌంట్ ధరలు పడిపోయినప్పుడు, విభజన, బోనస్ రెండూ జరిగిన ఆ ఏడాదే షేరు కూడా దిగజారింది. గట్లు వేసినంత మాత్రాన పంట నిలవదు.

ఇంతకన్నా చేదు పాఠం సత్యం కంప్యూటర్స్. 2000లో రూ.10 షేరును రూ.2కు విభజించింది. 2006లో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. 2009 జనవరి 7న లెక్కలు బూటకమని ఛైర్మనే ఒప్పుకున్నాక, షేరు ఒక్కరోజులో నాలుగింట మూడు వంతులకు పైగా విలువ కోల్పోయింది. లెక్క అబద్ధమైతే షేర్లు ఎన్ని ఉన్నా ఏం ప్రయోజనం? మరోవైపు, అమెరికాలో బఫెట్ గారి బెర్క్‌షైర్ కంపెనీ తన ‘ఎ’ తరగతి షేరును ఎన్నడూ విభజించలేదు. ఒక్కో షేరు లక్షల డాలర్లకు చేరింది.

అలాగని విభజన వృథా కాదు. రెండెకరాలు కొనలేనివాడు పది సెంట్లు కొనగలడు. చిన్న జీతగాడికి షేరు అందుబాటులోకి వస్తుంది, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ పెరుగుతారు. కాకపోతే రెండు విషయాలు గమనించాలి. “600 శాతం డివిడెండు” అని పేపర్లో చూసి మురిసిపోకండి. అది ముఖవిలువ మీద లెక్క. రూపాయి షేరుకు ఆరు రూపాయలే. ఇక పన్ను లెక్కలో, విభజన షేర్లకు మీరు కొన్న ఖరీదే పంచుకుంటుంది. బోనస్ షేర్లకు మాత్రం ఖరీదు సున్నా.

చివరిగా, మన తరానికి ముఖ్యమైన మాట. మన పెద్దలు కొన్న పాత కాగితం షేర్లు చాలా ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. “నూరు షేర్లు” అని రాసి ఉన్న కాగితం వెనక ఈపాటికి పదిహేను వందలు ఉండవచ్చు. విభజన జరిగినప్పుడు కొత్త పత్రాలు పాత చిరునామాకే వెళ్ళి ఉంటాయి. వరసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోకపోతే ఆ షేర్లు కేంద్రప్రభుత్వపు మదుపరుల నిధికి వెళ్ళిపోతాయి. పోయినట్టు కాదు, వారసులు దరఖాస్తు పెట్టి తిరిగి పొందవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లను అమ్మడానికి వీల్లేదు, డీమ్యాట్ చేయించాల్సిందే.

కాబట్టి మిత్రులారా, పొలం దస్తావేజులు భద్రపరచినంత శ్రద్ధగా ఆ కాగితాలనూ బయటికి తీయండి. కంపెనీ పేరు, ఫోలియో నంబరు రాసుకోండి. వాటి సంగతి పిల్లలకు చెప్పండి. షేర్లు ఎన్నయ్యాయన్నది కంపెనీ చూసుకుంటుంది. అవి ఎవరివో గుర్తుంచుకోవాల్సింది మాత్రం మనమే.