ఎనభై మీటర్ల దగ్గర

నల్లగొండ జిల్లాలో ఒక చెల్క. మే నెల, మధ్యాహ్నం మూడు దాటింది. నువ్వు మోకాళ్ల మీద కూర్చుని ఇనుప కడ్డీని నేలలో దిగ్గొడుతున్నావు. ఎర్రమట్టి బిగుసుకుపోయింది. ఎంత బలంగా కొట్టినా కడ్డీ జానెడు దిగి ఆగిపోయింది. సీసాలోని ఉప్పునీళ్లు దాని మొదట్లో పోస్తావు. పొడిమట్టిలోకి కరెంటు సరిగా దిగదు మరి.

ధన్‌బాద్ ఐఐటీలో భూభౌతికశాస్త్రం సీటు వచ్చినప్పుడు మీ బాబాయి అడిగాడు: "అదేం చదువు? రాళ్లు ఏరుకోవడమా?" అప్పుడు సరిగా చెప్పలేకపోయావు. ఇప్పుడైతే ఈ చేనులోకి తీసుకొచ్చి చూపిస్తావు. నేలను తవ్వకుండానే, పైనుంచి కొలిచి, లోపల ఏముందో చెప్పాలి. అదీ ఈ చదువు.

చేను నడుమ మీటరు, బ్యాటరీ. ఒకే వరసలో నాలుగు కడ్డీలు. బయటి రెండింటి గుండా నేలలోకి కరెంటు పంపుతావు. లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చదువుతావు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు మరింత లోతుకు దిగుతుంది. 1912లోనే ఫ్రాన్స్‌లోని నార్మండీలో కాన్రాడ్ ష్లంబర్జే ఇలా నేలలోకి కరెంటు పంపి కొలిచాడు. నువ్వు వేస్తున్న కడ్డీల వరస ఆయన పేరుతోనే ఉంది.

చేను యజమాని గట్టు మీద కూర్చుని నిన్నే చూస్తున్నాడు. ఆయన బోర్లు మూడూ ఎండిపోయాయి. నాలుగోదానికి అప్పు సిద్ధం చేసుకున్నాడు. నువ్వు వేలు పెట్టి చూపించిన చోట రిగ్గు దిగుతుంది.

బయటి కడ్డీలు మీటరుకు చెరో అరవై మీటర్ల దూరంలో ఉన్నప్పుడు, నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే లెక్క 120 ఓమ్ మీటర్లు వచ్చింది. ఎనభై దగ్గర పెరగాలి. ఎందుకంటే కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, అది కరెంటును గట్టిగా అడ్డుకుంటుంది. కానీ 118 వచ్చింది. మళ్లీ లెక్క కడతావు. 118.

గుండె ఒక్కసారి ఎగిరింది. రాతిలో పగులు ఉండి, అందులో నీళ్లుంటే నిరోధం తగ్గుతుంది. ఇది అదేనా?

సిగ్నలు బలహీనపడుతోందని లోపలి కడ్డీలను కొంచెం ఎడంగా జరిపి, కొత్తగా దిగ్గొడతావు. బయటివి నూరు మీటర్లకు వెళ్తాయి. పడమర నల్లబడింది. గాలిలో తడిమట్టి వాసన. మీటరు 400 వోల్టులు పంపడానికి సిద్ధంగా ఉంది. నీ వేలు బటన్ మీద ఉంది. అవతలి కొసన ఉన్న స్నేహితుడికి ఫోన్ చేస్తావు.

ఎత్తడు.

అటు చూస్తావు. మేకల మంద. ఒకటి కడ్డీ దగ్గరే మేస్తోంది. వెనకాల పిల్లవాడు. వేలు తీసేయ్. లేచి కేక వెయ్. స్నేహితుడు పరుగెత్తి మందను తోలతాడు. చెయ్యి ఊపుతాడు.

నొక్కు. 100 మిల్లీ ఆంపియర్లు. 12 మిల్లీవోల్టులు. అంటే దాదాపు 187 ఓమ్ మీటర్లు. గ్రాఫు మీద చుక్క పెడతావు. గీత పైకే పోతోంది. ఎనభై దగ్గర మాత్రం గుంట.

"నీళ్లు పడ్తయా బిడ్డా?"

ఆ ఒక్క చుక్కా మళ్లీ కొలిస్తే తేలిపోతుంది. పది నిమిషాల పని.

మెరుపు. లెక్కపెడతావు. ఒకటి, రెండు... ఆరు. ఉరుము. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి మూడు సెకన్లు. పిడుగు రెండు కిలోమీటర్లలో ఉంది. నేల మీద నీ తీగ రెండు వందల మీటర్లు. దాని కొస నీ చేతిలో.

వదిలెయ్. బ్యాటరీ క్లిప్పులు పీకు. తీగ చుట్టొద్దు. పెద్దాయన చింతచెట్టు వైపు నడుస్తున్నాడు. "చెట్టు కిందికొద్దు పెద్దయ్యా! జీపులోకి!" పరుగు. మేకల పిల్లవాణ్ణి లాగు. తలుపు వెయ్యి.

ఆ రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటావు. ఇక్కడే ఈ చదువు మనిషిని పరీక్షిస్తుంది. ఒకే గీతకు రెండు మూడు రకాల భూమి సరిపోతుంది. పలచని పొరలో నిరోధం బాగా తక్కువైనా, మందమైన పొరలో కొద్దిగా తక్కువైనా మీటరుకు ఒకేలా కనిపించవచ్చు. బంకమట్టి కూడా నిరోధం తగ్గించి నీరున్నట్టు భ్రమపెడుతుంది. రెండో ఏడు నేర్చుకున్న లాప్లాస్ సమీకరణం ఈ చిక్కు ఎక్కడి నుంచి వస్తోందో చెబుతుంది, పరిష్కారం చెప్పదు. చుట్టుపక్కల బోర్లలో ఏ లోతున ఏం తగిలిందో అడగాలి. అనుమానం ఉన్న చుక్కను మళ్లీ కొలవాలి. పగులు ఉందని చెప్పేయాలని నీకు ఎంత అనిపిస్తోందో, అంత ఎక్కువ జాగ్రత్త పడాలి.

పొద్దున్నే చేనుకు వెళ్లి, కడ్డీలన్నీ లోతుగా దిగ్గొట్టి, ఎనభై మీటర్ల దగ్గర మళ్లీ కొలుస్తావు.

155. ఇంకోసారి. 155.

గుంట లేదు. నిన్న లోపలి కడ్డీ వదులై ఉండొచ్చు. గీత తిన్నగా గట్టి రాతిలోకే పోతోంది.

పెద్దాయన దగ్గరికి వస్తాడు. గ్రాఫు ఆయన ముందు పెట్టు. అప్పు తిరిగి ఇచ్చేయమనే ధైర్యం నీకు ఇప్పుడుంది.

"ఇక్కడ బోరు వద్దు పెద్దయ్యా. డబ్బు పోతుంది. మీ చేనులోనే పల్లంగా ఉన్న చోటు చూపించండి, అక్కడ కొలుస్తాను."