హిమాలయాల వేళ్లు చూపిన తూకం గుండు

మద్రాసులో మొదలై హిమాలయాల పాదాల దాకా సాగిన మహా సర్వేలో ఒకచోట లెక్క కుదరలేదు. ఆ కాస్త తేడాను చెరిపేయకుండా పట్టుకుని కూర్చున్నవాళ్ల పుణ్యమా అని భూగర్భం గుట్టు ఒకటి బయటపడింది.

గోడ నిటారుగా లేస్తోందా లేదా అని మేస్త్రీకి అనుమానం వస్తే దారానికి కట్టిన తూకం గుండును పక్కన వేలాడదీస్తాడు. దారం చెప్పిందే నిలువు. ఆ మాట మీద ఎవరూ వాదించరు. నక్షత్రాల ఎత్తు కొలిచి ఒక ఊరి అక్షాంశం తేల్చే ఖగోళ పరిశీలకులకూ ఆ నిలువే ఆధారం. అలాంటి నిలువే పంతొమ్మిదో శతాబ్దంలో మన దేశపు నేలను కొలిచిన సర్వేలో కొద్దిగా ఒరిగిందని తేలింది. దాన్ని పక్కకు లాగింది హిమాలయం. తీరా లెక్క కడితే, అంత పెద్ద పర్వతం లాగాల్సినంతగా లాగనే లేదు. ఎందుకు లాగలేదని తరచి చూసినప్పుడే పర్వతాల అడుగున ఏముందో మనిషికి తెలిసొచ్చింది.

ఏడున్నర మైళ్లకు 57 రోజులు

టిప్పు సుల్తాన్ నేలకొరిగిన 1799 నాటి శ్రీరంగపట్నం యుద్ధంలో విలియం లాంబ్టన్ అనే ఇంగ్లిష్ సైనికాధికారి పాల్గొన్నాడు. యుద్ధం ముగిశాక ఈస్టిండియా కంపెనీ ముందు ఆయన ఒక ప్రతిపాదన పెట్టాడు. దక్షిణాపథాన్ని ఈ తీరం నుంచి ఆ తీరం దాకా త్రిభుజాలుగా విడగొట్టి కొలుద్దామన్నాడు. కొత్తగా చేజిక్కిన రాజ్యంలో శిస్తు కట్టడానికీ, దండు నడపడానికీ కంపెనీకి పటాలు అవసరం. లాంబ్టన్ మనసులో ఉన్నది అంతకన్నా పెద్ద పని. భూమి అసలు ఆకారమేమిటో, ధ్రువాల వైపు ఎంత చదునెక్కిందో కొలిచి తేల్చాలన్నది ఆయన పట్టుదల.

పద్ధతి మన హైస్కూలు త్రికోణమితే. త్రిభుజంలో ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కలో వచ్చేస్తాయి. వాటి మీద మరో త్రిభుజం, దాని మీద ఇంకొకటి. ఇలా కొండ మీంచి కొండను చూస్తూ వందల మైళ్లు అల్లుకుపోవచ్చు. కాకపోతే మొట్టమొదటి భుజాన్ని మాత్రం నేల మీద చేత్తో కొలవాల్సిందే. అందులో తప్పు దొర్లితే తర్వాతి త్రిభుజాలన్నిటికీ అది అంటుకుంటుంది.

1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆ మొదటి గీత పని మొదలైంది. కొలిచింది 100 అడుగుల ఉక్కు గొలుసుతో. రెండున్నర అడుగుల కడ్డీలు 40 కలిపి చేసిన గొలుసది. ఎండకు ఉక్కు సాగుతుంది. వేడిమి ఒక్క సెల్సియస్ డిగ్రీ పెరిగితే అంత గొలుసు సాగేది మిల్లీమీటరులో మూడో వంతు పైచిలుకు. అదేపాటి అనిపిస్తుంది. కానీ ఏడున్నర మైళ్ల పొడవునా గొలుసును దాదాపు 400 సార్లు పరవాలి. పది డిగ్రీల తేడాను లెక్కలోకి తీసుకోకపోతే చివరికి మీటరున్నర తప్పు పోగుపడుతుంది. అందుకే గొలుసును కర్ర పెట్టెల్లో పరిచారు. ఎండ పడకుండా నీడ పట్టారు. పెట్టెల్లో థర్మామీటర్లు ఉంచి, పరిచిన ప్రతిసారీ వేడిమి రాసుకుని, ఆ మేరకు పొడవు సవరించుకున్నారు. ఏడున్నర మైళ్లు కొలవడానికి 57 రోజులు పట్టింది.

కోణాలు కొలిచే థియోడొలైట్ బరువు సుమారు అర టన్ను. లండన్‌లో విలియం కేరీ తయారుచేసిన ఆ యంత్రం వస్తున్న ఓడను దారిలో ఫ్రెంచివాళ్లు పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయారు. అది శాస్త్ర పరిశోధనకు పనికొచ్చే వస్తువని తెలిశాక మర్యాదగా మద్రాసుకు పంపేశారు. 1808లో తంజావూరు పెద్ద గుడి గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి, యంత్రం గోడకు కొట్టుకుంది. కోణాలు చదివే పెద్ద చక్రం వంకరపోయింది. లాంబ్టన్ దాన్ని విడదీసి, ఆరు వారాలు కూర్చుని, మరలతో, సుత్తితో కొద్దికొద్దిగా మళ్లీ గుండ్రానికి తెచ్చాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి సర్వే దానితోనే నడిచింది.

కృష్ణా గోదావరుల నడుమ

సర్వే ఉత్తరానికి సాగేకొద్దీ లాంబ్టన్ అక్కడక్కడా నేల మీద కొత్త గీతలు కొలిపించాడు. లెక్కలో వచ్చిన పొడవు, చేత్తో కొలిచిన పొడవు సరిపోతున్నాయో లేదో చూసుకోవడానికి ఇదే దారి. 1811లో మన గుత్తి దగ్గర, 1815లో బీదర్ దగ్గర అలా కొలిచారు. 1818లో ఈ పనికి గ్రేట్ ట్రిగనోమెట్రికల్ సర్వే అన్న పేరు వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాద్‌లో లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరాడు.

ఎవరెస్ట్‌కు అప్పగించిన మొదటి పని కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో త్రిభుజాలు అల్లడం. వానలు పడితే దుమ్ము అణిగి గాలి తేటపడుతుంది, దూరపు కొండ మీది జెండా స్పష్టంగా కనిపిస్తుంది. అందుకని సర్వేవాళ్లు వానాకాలంలోనే అడవిలోకి దిగేవారు. దోమలు ముసిరేదీ, అడవి జ్వరం విజృంభించేదీ ఆ రోజుల్లోనే. 1819లో ఎవరెస్ట్ బృందం దాదాపు మొత్తం జ్వరాన పడింది. హైదరాబాద్ నుంచి ఏనుగులు, బండ్లు, డోలీలు పంపి వాళ్లను వెనక్కి తేవాల్సివచ్చింది. దారిలోనే కొందరు ప్రాణాలు విడిచారు. ఎవరెస్ట్ కోలుకోవడానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లాడు. 1823 జనవరి 20న, హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్తూ, హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ కన్నుమూశాడు.

యంత్రాన్ని భుజాల మీద కొండలెక్కించిన కూలీలు, కొండ కొమ్మున జెండా పట్టుకుని రోజుల తరబడి నిలబడ్డవాళ్లు, చెట్లు కొట్టి చూపు మేర దారి తీసినవాళ్లు ఈ సర్వేలో వందల మంది. వాళ్లలో చాలామంది పేర్లు చరిత్రకెక్కలేదు. పేరు దక్కిన కొద్దిమందిలో ఇద్దరిని చెప్పుకోవాలి. ఒకరు లెక్కల్లో దిట్ట అయిన బెంగాలీ రాధానాథ్ సిక్దార్. ఇంకొకరు సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్. సున్నితమైన పరికరాలు బాగుచేయడంలో ఆయన నేర్పు చూసి ఎవరెస్టే మెచ్చుకుని ఆ బాధ్యత అప్పగించాడు.

కుదరని 5 సెకన్లు

మధ్య భారతంలో సిరోంజ్ దగ్గర కల్యాణ్‌పూర్, ఉత్తరాన ముజఫర్‌నగర్ దగ్గర కలియానా. రెంటికీ మధ్య దూరం సుమారు 600 కిలోమీటర్లు. వీటి అక్షాంశాల తేడాను రెండు దారుల్లో లెక్కగట్టారు. త్రిభుజాల లెక్క ప్రకారం తేడా 5 డిగ్రీల 23 నిమిషాల 42.29 సెకన్లు. నక్షత్రాలను చూసి కొలిస్తే 5 డిగ్రీల 23 నిమిషాల 37.06 సెకన్లు. ఐదు సెకన్ల పైచిలుకు కుదరడం లేదు. నేల మీద అది దాదాపు 160 మీటర్లు.

600 కిలోమీటర్లలో 160 మీటర్లంటే పోనిద్దూ అనేవాళ్లే ఎక్కువ. లాంబ్టన్ తర్వాత సర్వేను నడిపించిన ఎవరెస్ట్ కూడా దాన్ని కొలతల్లో దొర్లిన లోపంగా భావించి, గొలుసుకట్టు త్రిభుజాలన్నిటికీ తలా కాస్త పంచేశాడు. ఆయన తర్వాత సర్వేయర్ జనరల్ అయిన ఆండ్రూ వాకు అది నచ్చలేదు. గొలుసును అంత జాగ్రత్తగా పరిచిన సర్వేలో ఇంత తప్పు రాదు. మరి తేడా ఎక్కడిది? నక్షత్రాల కొలతకు ఆధారమైన నిలువు మీదికి అనుమానం మళ్లింది. ఉత్తరాన హిమాలయం గుండును తన వైపు లాగితే, నడినెత్తి అనుకున్న బిందువు దక్షిణానికి జరుగుతుంది. అక్షాంశం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. పర్వతానికి దగ్గరగా ఉన్న కలియానాలో ఈ లాగుడు ఎక్కువ, కల్యాణ్‌పూర్‌లో తక్కువ. తేడా తగ్గి కనిపించిందీ అందుకే.

కొండలు గుండును లాగుతాయన్న ఊహ కొత్తది కాదు. 1738లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం దగ్గర ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బుగే దీన్ని కొలవడానికి ప్రయత్నించాడు. 1774లో స్కాట్లండ్‌లోని షిహాలియన్ కొండ దగ్గర నెవిల్ మాస్కెలిన్ కొలిచి చూపించాడు.

కలకత్తా పాదరి లెక్క

వా ఈ చిక్కును జాన్ హెన్రీ ప్రాట్ ముందు పెట్టాడు. ప్రాట్ కలకత్తా చర్చిలో ఆర్చ్‌డీకన్. కేంబ్రిడ్జిలో గణితం చదివినవాడు. టిబెట్ లోపలి ఎత్తులు అప్పటికి సరిగా తెలియవు. దొరికిన సమాచారంతోనే ఆయన హిమాలయాలనూ టిబెట్ పీఠభూమినీ గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలోని రాతి రాశి గుండును ఎంత లాగుతుందో లెక్కించి, అన్నీ కూడాడు. కలియానాలో 27.853 సెకన్లు, కల్యాణ్‌పూర్‌లో 11.968 సెకన్లు వచ్చింది. తేడా 15.885 సెకన్లు. సర్వేలో నిజంగా కనిపించింది 5.236 మాత్రమే. పర్వతం లాగాల్సినదాంట్లో మూడో వంతే లాగుతోందన్నమాట.

ఇక్కడే ప్రాట్ గొప్పతనం కనిపిస్తుంది. తన లెక్కను కొలతకు సరిపోయేలా సాగదీయలేదు, కుదించలేదు. వచ్చిన అంకెను వచ్చినట్టే లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. 1855లో ఆ వ్యాసం అచ్చయింది.

కొన్ని వారాల్లోనే ఇంగ్లండ్ రాజ ఖగోళవేత్త జార్జ్ ఎయిరీ చిన్న వ్యాసంలో జవాబిచ్చాడు. టిబెట్ లాంటి బరువును పైన మోస్తూ భూమి పైపొర విరగకుండా నిలవడం అసాధ్యమన్నాడు. నీళ్ల మీద తేలే దుంగల తెప్పను ఆయన ఉదాహరణగా చూపాడు. ఏ దుంగ పైకి ఎక్కువ తేలి కనిపిస్తుందో, అదే నీళ్లలోకి కూడా ఎక్కువ లోతు దిగి ఉంటుంది. భూమి పైపొర తేలిక. దాని కింది పదార్థం బరువైనది. పర్వతం పైకి ఎంత ఎక్కువ లేస్తే, దాని అడుగున తేలిక రాతి వేరు అంత ఎక్కువ లోతుకు దిగుతుంది. ఆ లోతులో ఉండాల్సిన బరువైన పదార్థం పక్కకు తొలగిపోయింది. పైనున్న కొండ గుండును లాగుతుంటే, అడుగున తగ్గిన బరువు ఆ లాగుడును చాలావరకు తగ్గిస్తోంది.

ప్రాట్ దీన్ని ఒప్పుకోలేదు. పర్వతాల కింది రాయి లోతుకు దిగలేదనీ, దాని సాంద్రతే తక్కువనీ 1859లో తన వాదం వినిపించాడు. ఇద్దరి మాటలోనూ సారం ఒక్కటే: పైన ఉన్న అదనపు బరువుకు లోపల లోటు జమ అవుతుంది. 1889లో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ ఈ సూత్రాన్ని ఐసోస్టసీ అన్నాడు. ఇవాళ ప్రపంచంలో ప్రతి జియాలజీ విద్యార్థీ ఎయిరీ, ప్రాట్ నమూనాలు రెండూ చదువుతాడు. వాటికి పుట్టినిల్లు మన సర్వే అన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

లోలకంతో లడఖ్‌కు

వాదం తేలాలంటే పర్వతం మీదే గురుత్వాన్ని కొలవాలి. ఆ పనికి సర్వే అధికారి జేమ్స్ బసేవి పూనుకున్నాడు. 1865 నుంచి లోలకాలు పట్టుకుని దేశమంతా తిరిగాడు. గురుత్వం తగ్గితే లోలకం నెమ్మదిగా ఊగుతుంది. రోజుకు ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెడితే అక్కడి గురుత్వం తెలుస్తుంది. 1871లో లడఖ్‌లోని మోరే మైదానానికి వెళ్లి కొలిచాడు. అంత ఎత్తున పైనున్న రాశికి తగినంత గురుత్వం లేదు, అడుగున లోటుందని లోలకం చెప్పింది. ఆ ఏడాది జులైలో, కొలతలు సాగుతుండగానే, ఆ చలిలోనే బసేవి ప్రాణం పోయింది.

తర్వాత భూకంప తరంగాలు ఎయిరీ చెప్పిన వేళ్లను బయటపెట్టాయి. మన దక్కను నేల కింద భూపటలం మందం సుమారు 35 నుంచి 40 కిలోమీటర్లు. టిబెట్ కింద అది దాదాపు 70 కిలోమీటర్లు. మనిషి నిలువునా తవ్విన అత్యంత లోతైన రంధ్రం, రష్యాలోని కోలా బావి, 12,262 మీటర్ల దగ్గర ఆగిపోయింది. తవ్వి చేరలేని లోతును దారం, గుండు, గొలుసు, ఓపికైన లెక్క కలిసి ముందే పసిగట్టాయి.

ఈ సూత్రం ఇప్పటికీ పని చేస్తోంది. మంచుయుగపు హిమఫలకాల బరువు దిగిపోయి వేల ఏళ్లయినా, స్కాండినేవియాలో బోత్నియా సింధుశాఖ తీరం నేటికీ ఏటా సెంటీమీటరుకు కాస్త తక్కువగా పైకి లేస్తూనే ఉంది. హైదరాబాద్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే మన ఉప్పల్ ఎన్‌జీఆర్‌ఐ, 1975లో దేశానికి గురుత్వ పటాలు ప్రచురించింది. నేల అడుగున ఎక్కడ బరువు రాయి ఉంది, ఎక్కడ తేలిక రాయి ఉంది అన్నది వాటిలో కనిపిస్తుంది. ఇక 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలు భూమి లాగుడులో మార్పులను ఆకాశం నుంచే కొలిచాయి. పంజాబ్, హర్యానా, రాజస్థాన్ ప్రాంతాల్లో 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం తరిగిపోయిందని 2009లో బయటపెట్టింది ఆ కొలతలే. బోరుబావుల్లో నీళ్లు ఖాళీ అయితే ఆ మేరకు నేల లాగుడూ తగ్గుతుంది. హిమాలయం గుండును లాగిన తీరుకూ దీనికీ మూలసూత్రం ఒక్కటే.

ఇంటర్, డిగ్రీ ల్యాబుల్లో లోలకంతో జి విలువ కట్టే ప్రయోగం మన సైన్సు విద్యార్థులు చేస్తారు. జవాబు 980 రావాలని ముందే తెలుసు గనక, రాకపోతే రీడింగులు దిద్ది రికార్డు నింపేయడం చాలాచోట్ల అలవాటుగా మారింది. 5.236 సెకన్లను వా కూడా అలాగే సర్దేసి ఉంటే, 15.885ను ప్రాట్ దిద్దేసి ఉంటే పర్వతాల వేళ్ల సంగతి ఇంకెన్నాళ్లకు తెలిసేదో. లెక్చరర్లకు మనవి: విద్యార్థి తెచ్చిన అంకె పుస్తకంతో కలవకపోతే మార్కులు కోయకండి. తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాయమనండి, వాటికి మార్కులివ్వండి. విద్యార్థులకూ అదే మాట: వచ్చిన రీడింగును వచ్చినట్టే రాయండి.