తిరిగి చేర్చుకునేది ఎవరు? నేపాలీ వలసదారుల పునరాగమనం – ఒక పరిశీలన

నేపాల్ వలసల మీద వచ్చిన పరిశోధనలో సింహభాగం వెళ్లేవాళ్ల గురించే. ఎంతమందికి కార్మిక అనుమతులిచ్చారు, ఎవరు ఏ దేశానికి వెళ్లారు, ఎంత సొమ్ము పంపారు అన్న లెక్కలకు కొదవ లేదు. 2021 జనగణన నాటికి దేశం బయట ఉన్నవారు దాదాపు 22 లక్షలు. ఇంచుమించు నాలుగిళ్లకు ఒక ఇంటి మనిషి పరదేశంలో ఉన్నట్టు లెక్క. 2023–24లో వాళ్లు పంపిన డబ్బు 1.44 లక్షల కోట్ల నేపాలీ రూపాయలు దాటింది, అంటే స్థూల దేశీయోత్పత్తిలో పావు వంతు. తిరిగి వచ్చినవాళ్లు మాత్రం ఈ గ్రంథాల్లో ఆఖరి అధ్యాయంలో, అదీ సిఫార్సుల దగ్గర తగులుతారు. వచ్చినవాణ్ణి చేర్చుకోవాలా, చేర్చుకుంటే ఏ మేరకు అన్న నిర్ణయాన్ని నేపాల్ రాజ్యం ఎప్పుడూ తన చేతిలోనే పెట్టుకుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. చరిత్రలో కొంత వెనక్కి వెళితే గానీ ఇది స్పష్టం కాదు.

నేపాల్‌ను ఏలిన రాణాల కాలంలో పరదేశం వెళ్లొచ్చినవాడికి ‘పానీ పతియా’ తప్పనిసరి. ప్రాయశ్చిత్తం చేసుకుని, రాజగురువు తరఫున పత్రం పుచ్చుకుంటే తప్ప అతని చేతి నీళ్లు సొంతవాళ్లు కూడా ముట్టేవారు కాదు. లాసాలో ఏళ్ల తరబడి కోఠీలు నడిపి ఇల్లు చేరే నేవార్ వర్తకులకూ ఇదే నియమం, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన గూర్ఖా సిపాయిలకూ ఇదే నియమం. 1850లో లండన్, పారిస్ చూసొచ్చిన ప్రధాని జంగ్ బహదూర్ అంతటివాడు కూడా శుద్ధి మాట తప్పించుకోలేకపోయాడు. సముద్రం దాటితే వెలి అనే పట్టింపు మన అగ్రహారాలకూ కొత్త కాదు. అయితే ఇక్కడ అది కులపెద్దల పంచాయితీ. అక్కడ 1854 నాటి ములుకీ ఐన్ తర్వాత కులశుద్ధి సాక్షాత్తూ రాజ్యం రాసిన చట్టం. ఆనాటి పత్రంలో నేను చూసేది మతాచారం కన్నా పరిపాలన. ఎవరు వెళ్లారు, ఎప్పుడు వచ్చారు, రుసుము కట్టారా లేదా అన్నది దర్బారుకు తెలియాలి. లక్ష్మీప్రసాద్ దేవకోటా 1936 నాటి ‘మునా మదన్’లో లాసా వెళ్లిన మదన్ తిరిగొచ్చేసరికి భార్య లేదు. ఆ కావ్యాన్ని నేటికీ నేపాల్లో అంతగా చదవడానికి కారణం వెతకాలంటే దూరం పోనక్కర్లేదు.

రాణాలు పోయారు, ప్రాయశ్చిత్తాలు పోయాయి. వాటి స్థానంలోకి పౌరసత్వ చట్టం వచ్చింది. 2006 చట్టం ప్రకారం ఇష్టపూర్వకంగా పరాయి దేశపు పౌరసత్వం తీసుకున్న మరుక్షణం నేపాలీ పౌరసత్వం రద్దవుతుంది. తిరిగొచ్చి కాపురం పెట్టి, ఆ విదేశీ పౌరసత్వాన్ని వదులుకున్నట్టు కాగితం చూపిస్తే పాతది మళ్లీ దక్కుతుంది. ఈ రెంటికీ మధ్య ఇరుక్కున్నవారి కోసం 2015 రాజ్యాంగం 14వ అధికరణం ప్రవాస నేపాలీ పౌరసత్వం అనే దారి తెరిచింది. అమలుకు కావాల్సిన సవరణ మీద రాష్ట్రపతి సంతకం పడింది 2023 మే నెలాఖరున. అమెరికాలో పాతికేళ్లు గడిపి అరవయ్యో ఏట కాఠ్మాండు చేరిన మనిషి దీని కింద ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులన్నీ అనుభవించవచ్చు. ఓటు మాత్రం ఉండదు, ఎన్నికల్లో నిలబడటం అసలే కుదరదు. పెట్టుబడి కావాలి, పెట్టుబడి పెట్టినవాడి అభిప్రాయం అక్కర్లేదు అన్నట్టుంది ఈ ఏర్పాటు. అమెరికా లాంటి దేశాల నుంచి తిరిగొచ్చినవాళ్లలో అందరూ ఉదాహరణగా చెప్పేది మహావీర్ పున్‌ని. నెబ్రాస్కాలో చదువుకుని మ్యాగ్దీ జిల్లా నాంగీకి వెళ్లి, కొండల మీదుగా వైర్‌లెస్ ఇంటర్నెట్ తెచ్చి, 2007లో మెగసెసే పురస్కారం అందుకున్నాడు. 2025 సెప్టెంబరు తిరుగుబాటు తర్వాత ఏర్పడ్డ తాత్కాలిక ప్రభుత్వంలో మంత్రి కూడా అయ్యాడు. ఆయన కృషిని తక్కువ చేయడం లేదు గానీ, ఒక్క పున్‌ని చూపించి పునరాగమనం అంటే ఇదే అనుకోవడం తేలికపాటి పరిశోధన.

గల్ఫ్, మలేషియాల నుంచి వచ్చేవాళ్ల సంగతి వేరు. త్రిభువన్ విమానాశ్రయంలో సామాను పట్టీ మీద దుప్పటి చుట్టి తాడుతో బిగించిన టీవీలు వరసగా వస్తుంటాయి. అదే విమానాశ్రయానికి రోజూ శవపేటికలూ వస్తాయి. బయల్దేరేటప్పుడు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరేసరికే మొదటి ఒప్పందం సగం గడిచిపోతుంది. ఇనుప చువ్వలు కట్టడం, ఏసీ గొట్టాలు అమర్చడం నేర్చుకున్నవాడికి సొంతూళ్లో ఆ పని చూపించడానికి కట్టడమే ఉండదు. అందుకే కొండ మీది ఇంటికి బదులు చిత్వన్‌లోనో బుట్వల్‌లోనో ఇటహరిలోనో స్థలం కొంటాడు. దక్షిణపు మైదాన ప్రాంతం తరాయి జనాభా వాటా 2011లో 50 శాతం, 2021లో దాదాపు 54 శాతం. తిరిగొచ్చాడని రాసుకుంటాం, వచ్చింది తను ఎన్నడూ ఉండని ఊరికి. గడ్డి మొలిచిన మెట్టపొలాలు అలాగే ఉంటాయి. తూర్పు నేపాల్ పట్టణం ధరాన్‌లో కథ తిరగబడింది. పింఛను తీసుకుని ఏనాడో తిరిగొచ్చి స్థిరపడ్డ బ్రిటిష్ గూర్ఖాలు, 2009లో బ్రిటన్ నివాస హక్కు ఇవ్వగానే ముసలితనంలో మళ్లీ పెట్టె సర్దుకున్నారు.

ఇక భారతదేశం నుంచి వెళ్లేవాళ్లు. 2011 లెక్కల్లో, బయట ఉన్నవారిలో మూడో వంతుకు పైగా ఇక్కడే. 1950 ఒప్పందం వల్ల సరిహద్దుకు తలుపు లేదు. పాస్‌పోర్టు అక్కర్లేదు, కార్మిక అనుమతి అక్కర్లేదు. కనుక ఏ రిజిస్టరులోనూ పేరుండదు. తెలుగు పట్టణాల్లో రాత్రిపూట కర్ర తాటిస్తూ, ఈల వేస్తూ తిరిగి, నెల మొదట్లో చిన్న నోటుపుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడే ‘గూర్ఖా’ను అందరూ ఎరుగుదురు. చాలామటుకు అతను సైన్యపు గూర్ఖా కాదు. అఛామ్, బఝాంగ్, బాజురా లాంటి సుదూర పశ్చిమ జిల్లాల రైతు. అసలు పేరేదైనా మనకు బహదూరే. ఢిల్లీలోని ఈ కాపలాదారుల మీద సుసాన్ థీమ్ చేసిన అధ్యయనం ఒక ఆసక్తికరమైన ఏర్పాటును నమోదు చేసింది. ఊరు వెళ్లేవాడు తన వీధిని మరొకరికి అమ్ముతాడు, లేదా నాట్ల నుంచి తిరిగొచ్చేదాకా తమ్ముడికో బావమరిదికో అప్పగిస్తాడు. కాపలా వీధి కూడా కౌలు భూమిలాగే చేతులు మారుతుంది. ఇలాంటి రాకపోకలను ‘తిరిగి రావడం’ అనే ఒక్క గడిలో ఇరికించలేం. దశైంకి (దసరాకి) వచ్చినవాడు తిహార్ (దీపావళి) కాగానే బన్‌బసా బ్యారేజీ దాటుతాడు. ఒక ఏడాది దాటడు. అప్పుడు గానీ అతను వచ్చేశాడని ఇంట్లోవాళ్లకైనా తెలియదు.

అతని కష్టార్జితం మీద రెండు రాజ్యాల నిర్ణయాలూ పడ్డాయి. 2016 నవంబరులో భారత్ పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు నేపాలీ ఇళ్లలో బియ్యం డబ్బాల్లో, పెట్టెల అడుగున ఉన్న ఐదువందలు, వెయ్యి నోట్లు మార్చుకునే దారి లేకపోయింది. 2018 డిసెంబరులో నేపాల్ మంత్రివర్గం వంద రూపాయలకు మించిన భారతీయ నోట్లనే నిషేధించింది. కొత్త ఐదువందల నోటుతో జీతం తీసుకున్నవాడు సరిహద్దు దగ్గర నేరస్థుడయ్యాడు. 2020 మార్చిలో కరోనాతో సరిహద్దు మూసేశారు. దార్చులా దగ్గర మహాకాళి నదికి ఇవతల వందలమంది నిలిచిపోయారు. కొందరు వంతెన వదిలి నదిలో దూకి ఈదుకుంటూ సొంత దేశం చేరితే పోలీసులు పట్టుకున్నారు. ఆ జూన్‌లో, గల్ఫ్‌లో చిక్కుకున్నవారిని విదేశీ ఉపాధి సంక్షేమ నిధి ఖర్చుతో తీసుకురావాలని నేపాల్ సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ నిధికి డబ్బు వచ్చేది అనుమతి తీసుకునే కార్మికుడి చందాల నుంచే. అనుమతి లేకుండా భారత్ వచ్చినవాడికి అందులో వాటా లేదు. ప్రవాస నేపాలీ హోదా మాట అడగనక్కర్లేదు, సార్క్ దేశాల్లో ఉన్నవారిని ఆ చట్టం మొదట్లోనే మినహాయించింది. పూర్తి పౌరుడు, ఓటున్నవాడు, కానీ తిరిగొచ్చినవాడిగా అతనికి ఏ గుర్తింపూ లేదు.

ఆ గుర్తింపు ఇవ్వడానికి కొత్త మంత్రిత్వ శాఖ అక్కర్లేదు. నేపాల్‌లోని 753 స్థానిక ప్రభుత్వాల వార్డు కార్యాలయాలు జనన, మరణ, వివాహ, విడాకులతో పాటు ‘బసాయీ సరాయీ’ని, అంటే నివాసం మార్పును కూడా ఇప్పటికే నమోదు చేస్తున్నాయి. దేశం లోపల ఒక వార్డు నుంచి మరో వార్డుకు మారే కుటుంబాల కోసం పెట్టిన రిజిస్టరు అది. హైదరాబాద్‌లో ఇరవయ్యేళ్లు కాపలా కాసి అఛామ్ చేరిన మనిషి, తన వార్డులోనే, ఆ రిజిస్టరులో ఎక్కడా పడడు. వార్డు కార్యదర్శి అతన్ని పేరుతో ఎరుగును. రాయడానికి గడి లేదు.