ధాత కరువులో సమృద్ధి

యోహాను సువార్త పదవ అధ్యాయములో మంచి కాపరి వాగ్దానము చేసిన సమృద్ధియైన జీవమును గూర్చి మనము పలుమారు వినియున్నాము. ఆ మాట వినగానే నిండిన గాదెలు మనస్సులో మెదలుట సహజము. అయితే ఒంగోలు సీమలో ఆ జీవము కొరకు జనులు గుంపులుగా వచ్చినది గాదెలు ఒట్టిపోయిన కాలముననే.

1876 మొదలు 1878 వరకు వచ్చిన ఆ క్షామమును మన పెద్దలు ధాత కరువనిరి. అప్పుడు ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారుండిరి. మిషనరీ కాకమునుపు ఆయన భూములు కొలుచు పని చేసినవారు. ఆ విద్య ఇక్కడ అక్కరకు వచ్చెను. దొరతనమువారు కరువు పనిగా త్రవ్వించుచుండిన బకింగ్‌హాము కాలువలో సుమారు మూడు మైళ్ల పనిని ఆయన గుత్తకు తీసికొనిరి. బోధకులే మేస్త్రీలైరి. మాదిగ కుటుంబములు అనేకము పలుగు, పార, గంప పట్టుకొని వచ్చినవి. వారు అలసట తీర్చుకొను వేళ బోధకులు ప్రక్కన కూర్చుండి క్రీస్తును గూర్చి చెప్పుచుండిరి.

వినినవారు బాప్తిస్మ మిమ్మని అడిగిరి. దొరగారు ఇయ్యలేదు. కూలి ఇచ్చు చేతితోనే బాప్తిస్మమును ఇచ్చినయెడల, వచ్చినవాడు దేని నిమిత్తము వచ్చెనో ఎవరు చెప్పగలరు? సుమారు పదునైదు మాసములు ఆయన అట్లే నిలిచిరి. లెక్కలు పంపవలసిన మిషనరీకి ఇది సులభమైన పని కాదు.

1878 జూను మాసమునకు ఆయన చేయుచుండిన కరువు సహాయము ముగిసెను. అయినను జనులు ఒంగోలుకు ఉత్తరముగా గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లికి గుంపులుగా వచ్చిరి. ఇక ఇచ్చుటకు డబ్బు లేదని దొరగారు చెప్పిరి. డబ్బు అడుగుటకు రాలేదని వారు అరచేతుల బొబ్బలు చూపిరి. మేము పనిచేసి బ్రదికినవారము, ఇకమీదటను పనిచేయుదుము. రాబోవు పంట చెడినయెడల చత్తుము గాని, క్రైస్తవులముగా చావగోరుచున్నామని వారి మనవి.

జూలై 3వ తేదీన 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మన సంఘములలో సంతోషముగా చెప్పుకొందుము. దానికి ముందటి పదునైదు మాసములను చెప్పువారు తక్కువ. ఉదయము ఆరంభించి, ఎండవేళ కొంత ఆగి, సాయంకాలమువరకు ఆ పని జరిగెను. తెలుగు బోధకులు ఆరుగురు, ఒక్కొక్కమారు ఇద్దరు చొప్పున, వంతులవారీగా నీటిలో నిలిచిరి. దొరగారు ఆ దినమున ఒక్కరికైనను తమ చేతితో బాప్తిస్మ మియ్యలేదు. ఒడ్డున నిలిచి చూచుచుండిరి.

ప్రొద్దు వాలినమీదట ఆ కొత్త క్రైస్తవులు తడిబట్టలతో తమ పల్లెల దారి పట్టిరి. అక్కడ గాదెలు అప్పటికిని ఒట్టివే.